గౌలిపుర టైపింగ్ క్లాసుకు లినక్స్ ఎక్కించిన కథ

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో ఆరు రథాలున్నాయి. పన్నెండు మంది వీరవనితలున్నారు. ఇరవై రెండేళ్లుగా ఓటమి ఎరుగని సేనాని ఉంది. కంటికి కనిపించకుండా రోజుకో రథాన్ని కూల్చే శత్రువు ఉన్నాడు. ఆరు వారాల ముట్టడి, చివరికి విజయం.

కొంచెం ఎక్కువ చెప్పాను. రథాలంటే ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత కంప్యూటర్లు. వీరవనితలు టైపింగ్ నేర్చుకునే అమ్మాయిలు. సేనాని ఎస్తేరు టీచర్, గౌలిపురలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే మనిషి. శత్రువు ఎవరో తేలడానికి నెల పట్టింది, తేలాక అందరం కాసేపు గోడవైపు చూశాం. విజయం మాత్రం నిజం. దాన్ని ఒక్క అణా కూడా తగ్గించను.

నేను కంప్యూటర్ రిపేరు పనిలో పన్నెండేళ్లుండి, ముప్పై ఒకటో ఏట రిటైరయ్యాను. ఈ మాట అంటే మా నాన్న నవ్వుతాడు. ఆయన రైల్వేలో పూర్తి సర్వీసు చేసినవాడు. కానీ ఆయన ఎత్తింది పచ్చజెండా. నేను ఎత్తింది ముందు గాజు, వెనక బండరాయి ఉండే ఆనాటి మానిటర్లు, అదీ పాతబస్తీ మెట్ల మీద. డాక్టరు నా ఎక్స్‌రే చూసి, ఏం పని చేస్తావని అడిగి, జవాబు విని, ‘మానెయ్’ అన్నాడు. అందరికీ రిటైరైన రోజు శాలువా కప్పుతారు, నాకు నడుముకి బెల్టు కట్టారు. ఇప్పుడు కూర్చుని చేసే ఉద్యోగం. అందుకే రాయడానికి తీరిక.

ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్లు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘అన్నా, కొత్తోళ్లకు ఏ లినక్స్ పెట్టాలె?’ లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం. కొనక్కర్లేదు, దాపరికం లేదు, ఎవరైనా తీసుకుని తమకు నచ్చినట్టు సర్దుకుని పదిమందికి పంచవచ్చు. దాంతో పులుసు సంగతే అయింది. చింతపండు అందరిదీ ఒకటే, ఇంటికో రుచి, ఎవరింటి పులుసు వాళ్లకు వేదం. ఆ రకాల పేర్లు నేను రాయను. సగం ఇప్పటికే మూతబడ్డాయి. మిగతా సగం అభిమానులకు మా ఇల్లు తెలుసు.

పేరు కాకుండా, ఎంచుకునే పద్ధతి చెప్తాను. అది నేను పుస్తకంలో చదవలేదు. రెండు తప్పులు చేసి, ఒక అమ్మాయిని ఊరికే నిందించి నేర్చుకున్నాను.

జలీల్ భాయ్ పద్ధతి

యాకుత్‌పురా స్టేషన్ దగ్గర జలీల్ భాయ్ దుకాణంలో తొంభైల చివర చేరాను. ఆయన మొదట రేడియోలు, తర్వాత టేప్‌రికార్డర్లు, తర్వాత టీవీలు బాగుచేసి, లోకం కంప్యూటర్ల వైపు వెళ్తే విసుక్కుంటూ తనూ వెళ్లిన మనిషి. కంప్యూటర్ గురించి నాకే ఎక్కువ తెలుసని మొదటి వారంలో నాకు అనిపించింది. అది నిజం కూడా. దానివల్ల ఉపయోగం లేదని తెలియడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

ఆయనకో అలవాటుండేది. ఎవరైనా పాడైన మిషన్ తెస్తే వెంటనే విప్పనిచ్చేవాడు కాదు. తెచ్చినవాణ్ణే దాని ముందు కూర్చోబెట్టి, ‘మీ రోజు పని చెయ్యుండ్రి’ అని, తను పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగేవాడు. కళ్లు మాత్రం ఆ మనిషి చేతుల మీద.

మాదన్నపేట మార్కెట్‌లో కూరగాయల హోల్‌సేల్ చేసే ఒకాయన కీబోర్డు నెలకోసారి చచ్చిపోయేది. నేను మూడు మార్చాను. మూడోసారి కంపెనీలను తిట్టాను, ప్రపంచీకరణను తిట్టాను. నాలుగోసారి జలీల్ భాయ్ స్వయంగా మార్కెట్‌కు వెళ్లి, ఆయన పక్కన అరగంట కూర్చుని వచ్చాడు.

“ఏమైంది భాయ్?” అన్నాను.

“కొత్తిమీర,” అన్నాడు.

నీళ్లు చల్లిన కొత్తిమీర కట్టలు వాడిపోకుండా ఫ్యాను కింద పెడతాడట ఆయన. ఫ్యాను కింద ఖాళీగా ఉన్న చోటు కీబోర్డు ఒక్కటే.

“మిషిన్ ఝూట్ నై బోల్తా శీనూ. మనిషి భీ అబద్ధం చెప్పడు. ఇద్దరి నడుమ చెయ్యి ఉంటది. గా చెయ్యి చూడు,” అన్నాడు.

నేను నవ్వేశాను. తెలివైనవాళ్లు చేసే పనే చేశాను.

మేడ మీద క్లాసు

ఎస్తేరు టీచర్ ఇన్‌స్టిట్యూట్ గౌలిపురలో ఒక పాలకొట్టు పైన రెండు గదులు. ఒక గదిలో టైపు మిషన్లు, రెండో గదిలో కొత్తగా తెచ్చిన ఆరు కంప్యూటర్లు. టీచర్‌కు అప్పటికి యాభై దాటి ఉంటాయి. తెల్ల చీర, మెడలో చిన్న సిలువ, బల్ల మీద ఇత్తడి గంట. ఆ గంట కొడితే వీధిలో ఆవులు కూడా ఆగేవని చెప్పుకునేవాళ్లు. ఆవుల సంగతి నాకు తెలియదు. నేను మాత్రం ఆగేవాణ్ణి.

ఆమె కష్టం ఒక్క మాటలో చెప్పవచ్చు. టైపు మిషన్ నేర్చుకునేవాళ్లు రావడం మానేశారు. పాతసామాన్లవాడు అప్పటికే వచ్చి ఒక మిషన్ ఎత్తి చూసి, దించి, ‘బరువు బానే ఉందమ్మా’ అని వెళ్లాడు. సరిగ్గా అప్పుడే మూసీ అవతలి ఒక ప్రైవేటు ఆసుపత్రి, రోగుల రికార్డులు టైపు చేయడానికి అమ్మాయిలు కావాలంది. టీచర్ దగ్గర పన్నెండు మంది సిద్ధం. పరీక్ష టీచర్ దగ్గరే, ఆమె కంప్యూటర్ల మీదే పెడతామన్నారు. అది సజావుగా జరిగితే ఇకమీదట వాళ్ల పరీక్షలు, శిక్షణ అన్నీ అక్కడే. చెడితే ఇన్‌స్టిట్యూట్ మూత. పరీక్షకు ఆరు వారాలుంది.

వాళ్ల షరతు ఒకటే: కాపీ కొట్టిన సీడీతో ఎక్కించిన ప్రోగ్రాములు ఉండకూడదు. టీచర్‌కు ఆ షరతు చెప్పనక్కర్లేదు.

“దొంగ సీడీ నా క్లాసుల వద్దు నాయనా. ఆదివారం దేవుని ముందట నిలబడేటిదాన్ని,” అంది. “కొనేటి తాకత్ లేదు. పుక్కట్ల వచ్చేది ఏందో ఉందంట గద, గది పెట్టు. దాని పేరేంది?”

“లినక్స్, టీచర్.”

“మంచిదేనా?”

“బంగారం, టీచర్.”

అప్పటికి నేను లినక్స్ ఎక్కించిన మిషన్ ఒక్కటే. అది నాది. అది కూడా వారానికి నాలుగు రోజులు పనిచేసేది.

మొదటి తప్పు

ఆ రోజుల్లో మా రిపేరువాళ్లలో ఒక గొప్ప ఉండేది. ఎంత కష్టమైన లినక్స్ పెడితే అంత మొనగాడు. సులువుగా ఎక్కేదాన్ని వాడేవాణ్ణి చూసి, సైకిల్‌కు పక్కచక్రాలు కట్టుకున్నవాణ్ణి చూసినట్టు చూసేవాళ్లం. కాబట్టి నేను టీచర్ క్లాసుకు మహా కఠినమైన రకాన్ని ఎంచాను. అది వాడబోయేది నేను కాదన్న సంగతి నాకు తట్టనే లేదు.

మూడు సీడీలు. ఎక్కించేటప్పుడు అది ప్రశ్నలడుగుతుంది. మౌస్ ఏ జాతి? డిస్కును ఎన్ని ముక్కలు చేయాలి? ఆ తర్వాత ఒక భయంకరమైన ప్రశ్న: మీ మానిటర్ తెరను సెకనుకు ఎన్నిసార్లు గీస్తుంది? కింద హెచ్చరిక: తప్పు చెబితే మానిటర్ పాడుకావచ్చు. నేను మానిటర్ వెనక్కి వెళ్లి చీటీ చూశాను. చీటీ ఉండాల్సిన చోట ఎవరో దేవుడి స్టిక్కర్ అంటించారు. దండం పెట్టుకుని ఒక అంకె కొట్టాను. ఆరు మానిటర్లూ బతికాయి. అది నా ప్రతిభ అని చాలాకాలం చెప్పుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత పని పూర్తయింది. టీచర్‌ను పిలిచాను. నల్లటి తెర, పైన మూలన ఒక తెల్ల గీత మినుకు మినుకుమంటోంది.

టీచర్ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. “చెడిపోయిందా నాయనా?”

“లేదు టీచర్, తయారైంది.”

“తయారైతే గిట్ల ఉంటదా?”

ఆ గీత ముందు ఏ మాట కొడితే ఏం జరుగుతుందో వివరించాను. టీచర్ ఓపికగా చివరిదాకా విన్నది.

“గియ్యన్నీ నేర్చుకుంటే పిల్లలు టైపు ఎప్పుడు నేర్చుకోవాలె?”

నాలుగు రోజుల పనిని ఒక్క మధ్యాహ్నంలో తుడిచేశాను. తుడవడం మాత్రం చాలా సులువుగా ఉండేది ఆ రకంలో. దాని గురించి చెప్పగలిగిన మంచి మాట అదొక్కటే.

రెండో తప్పు

ఈసారి అటు నుంచి ఇటు పడ్డాను. చూడగానే కొత్తవాళ్లకోసమని తెలిసే రకాన్ని తెచ్చాను. రంగులు, బొమ్మలు, స్వాగతం చెప్పే పెంగ్విన్. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. నేను మెట్లు దిగుతూ, ఈ పనిలో నన్ను మించినవాడు చార్మినార్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా లేడనుకున్నాను.

మర్నాడు పొద్దున ఫోను. ఒక మిషన్ తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. ఆ మర్నాడు రెండు మిషన్లు. ఆ అక్షరాల్లో ఏముందంటే, మిషన్‌ను సరిగ్గా ఆపకుండా ఎవరో కరెంటు తీసేశారు, డిస్కు చిందరవందరైంది, పెద్దవాళ్లెవరైనా వచ్చి సర్దండి అని. వెళ్లి గంటసేపు సర్దేవాణ్ణి. మర్నాడు మళ్లీ. రోజూ యాకుత్‌పురా నుంచి గౌలిపురకు పాలవాడిలా టైముకు వెళ్లేవాణ్ణి. కింద కొట్టతను నన్ను చూసి, ‘అన్నా, లీటరా అర లీటరా?’ అనేవాడు.

దోషం అమ్మాయిలదేనని తేల్చేశాను. గోడ మీద మూడు భాషల్లో నోటీసు అంటించాను: ‘మిషన్ ఆపే ముందు పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేయవలెను.’ క్లాసులో నిలబడి ఉపన్యాసం కూడా ఇచ్చాను. పనిలోపనిగా రెండో తప్పు కూడా ఎత్తిచూపాను. వాళ్లు ప్రతి వరస చివరా ఠక్కుమని ఎంటర్ కొట్టేవాళ్లు. టైపు మిషన్‌లో వరస అయిపోతే కాగితం పట్టుకున్న బండిని చేత్తో వెనక్కి తోయాలి కదా, ఆ అలవాటు. కంప్యూటర్ తనే కింది వరసకు వెళ్తుంది, మీరు ఊరికే ఎంటర్ కొట్టనక్కర్లేదన్నాను.

పర్వీన్ లేచి నిలబడింది. క్లాసు మొత్తంలో అందరికన్నా వేగం ఆమెది. కాపీ కాగితం మీద కన్ను తీయకుండా కొట్టేది. తెర వెలుగుతోందో ఆరిపోయిందో కూడా చూసేది కాదు.

“అన్నా, ఖసమ్. మేం బటన్ ముట్టలే. గంట కొడ్తే లేస్తం, కవరు కప్తం, పోతం. గంతే.”

“మరి మిషన్ అబద్ధం చెప్తదా?”

“మిషిన్ సంగతి నాకేం ఎరుక. నేనైతే చెప్త లేను.”

“ఎవరో ఒకరు ఆపుతున్రు గద.”

“దొంగతనం మోపినట్టు మాట్లాడుతున్నవేందన్నా?” అంది. కూర్చుంది. ఆ గంట ఆమె వేగం సగానికి పడిపోయిందని టీచర్ తర్వాత చెప్పింది.

నేను చాలా తప్పులు చేశాను, వాటిలో ఎక్కువ నవ్వుకోదగ్గవే. ఇది కాదు. పరీక్షకు రెండు వారాలుండగా, క్లాసులో మేలైన చేతుల్ని చూడకుండానే దోషులను చేశాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పేదేమంటే, వాడేవాళ్లది తప్పని అనిపించినప్పుడు మీకు మరో పది నిమిషాల పని మిగిలుందని అర్థం.

స్టూలు మీద జలీల్ భాయ్

నేను రోజూ పొద్దున మాయమవడం చూసి జలీల్ భాయ్‌కి విసుగొచ్చింది. “చలో, నేనూ వస్త,” అన్నాడు. వచ్చి, టీచర్‌కు సలాం చేసి, గది మూల స్టూలు మీద కూర్చున్నాడు. ఒక క్లాసు మొత్తం చూశాడు. గంట మోగింది. ఆరుగురూ చేతులు పైకెత్తారు, లేచారు, గుడ్డ కవర్లు కప్పారు, వరసగా బయటికి వెళ్లారు. ఎవరూ ఏ బటనూ ముట్టలేదు. మెట్ల మీద తర్వాతి బ్యాచ్ ఎదురుచూస్తోంది.

ఆ తర్వాత గది చీకటైంది.

ఫ్యాను నెమ్మదిగా తిరిగి ఆగింది. టీచర్ తలుపు పక్కన నిలబడి ఉంది. ఆమె కుడిచెయ్యి మెయిన్ స్విచ్ మీద ఉంది.

“టీచరమ్మా,” అన్నాడు జలీల్ భాయ్ చాలా మర్యాదగా, “ఆప్ క్యా కరే అభీ?”

“ఏం చేసిన? ఏం చేయలే,” అంది టీచర్.

తర్వాత తన చేతివైపు చూసుకుంది.

ఇరవై రెండేళ్లుగా బ్యాచ్‌కు బ్యాచ్‌కు నడుమ ఆమె మెయిన్ లాగుతోంది. టైపు మిషన్‌కు కరెంటుతో పనిలేదు. లైట్లు, ఫ్యాన్లు ఊరికే తిరగకూడదని ఎప్పుడో మొదలుపెట్టిన అలవాటు, ఎప్పుడో మరిచిపోయిన అలవాటు. గంట మోగితే ఆ చెయ్యి వెళ్తుంది. కంప్యూటర్లు వచ్చాక వాటి తీగలు కూడా ఆ స్విచ్‌కే కలిపారు. సేనాని, శత్రువు ఒకరే. మేం గోడవైపు చూసింది అప్పుడే. గోడ మీద నా నోటీసు ఉంది, మూడు భాషల్లో.

టీచర్ తర్వాతి బ్యాచ్‌ను ఆపి, పర్వీన్‌ను మెట్ల మీంచి వెనక్కి పిలిపించింది.

“బిడ్డా, తప్పు నాది. మాఫ్ చెయ్యి.”

“అయ్యో టీచర్, ఏం మాటలవి!” అంది పర్వీన్. తర్వాత నావైపు తిరిగింది. “నువ్వు చెప్పన్నా. నీది మిగిలింది.”

నేను కూడా చెప్పాను. నోటీసు కూడా పీకాను. ఆమె అదే కావాలంది.

ఆ వారమంతా టీచర్ తనతో తను పోరాడింది. స్విచ్ మీద అట్టముక్క అంటించింది. చెయ్యి అట్ట కిందికి దూరింది. పిల్లలతో ‘టీచర్, స్విచ్!’ అని అరవమంది. వాళ్లు అరిచేలోపు గది చీకటి. వేరే తీగ లాగుదామని ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, అతను గోడ మీద తట్టి, లోపలినుంచి ఏదో రాలిన చప్పుడు విని, డబ్బులు తీసుకోకుండా వెళ్లిపోయాడు. యూపీఎస్ పెట్టొచ్చు కదా అనే తెలివైన పాఠకులకు: ఆరింటికి యూపీఎస్ కొనగలిగితే ఆమె నన్ను పిలిచేదే కాదు. పైగా గౌలిపురలో కరెంటు పోవడానికి టీచర్ చెయ్యే అక్కర్లేదు.

దుకాణంలో తల పట్టుకుని కూర్చుంటే జలీల్ భాయ్ అన్నాడు: “ఇరవై రెండు సాల్ కా చెయ్యి మారదు. నీ లినక్స్ వయసెంత?”

“మొన్ననే ఎక్కించిన భాయ్.”

“తో చిన్నోణ్ణి మార్చు.”

ఎంచుకున్న పద్ధతి

అప్పుడు మొదటిసారి సరైన ప్రశ్న వేసుకున్నాను. మనిషి ఈ మిషన్ ముందు ఎలా కూర్చుంటాడని కాదు, ఎలా లేస్తాడు? బొమ్మలు, రంగులు, పెంగ్విన్ అన్నీ కూర్చునేవాడికోసం. లేచి వెళ్లేవాడి గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఆ రోజుల్లో కొన్ని లినక్స్‌లలో డిస్కు మీద రాసే పద్ధతి ఒకటి కొత్తగా వచ్చింది. ఏ పని చేయబోతుందో ముందు ఒక మూల చీటీ మీద రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, లేవగానే ఇల్లంతా వెతక్కుండా ఆ చీటీ చూసుకుని, సగంలో ఉన్నదాన్ని సర్దేసి పనిలో పడుతుంది. పాత పద్ధతి అలా కాదు. ప్రతిసారీ డిస్కు మొత్తం తడుముకుంటుంది, ఒక్కోసారి తడుముకుంటూ ఏడుస్తుంది. నేను తెచ్చిన అందమైన రకం పాత పద్ధతిది. నాకు ఆ తేడా తెలుసు. దాన్ని లెక్కలోకి తీసుకోలేదంతే, ఎందుకంటే పెంగ్విన్ బాగుంది.

చీటీ పద్ధతి ఉన్న ఒక సాదా రకం వెతికాను. ఒక్క సీడీ. ఎక్కించడానికి మిషన్‌కు గంట. ఎక్కాక, ఉన్నవన్నీ తీసేయడానికి ఇంకో గంట. ఆటలు తీసేశాను, గడియారం బొమ్మ తీసేశాను, మెనూలు తీసేశాను. స్విచ్ వేస్తే నేరుగా టైపు చేసే పేజీ రావాలి, ఇంకేమీ రాకూడదు. కొత్తవాళ్లకు సులువైనదంటే ఎంచుకోవడానికి ఏమీ మిగలనిదే. ఈ మాట మీద నాతో చాలామంది వాదించారు. వాళ్లెవరూ ఎస్తేరు టీచర్ క్లాసులో ఒక్క గంట కూర్చోలేదు.

చీటీ ఉన్నా, కొట్టిన అక్షరాలు డిస్కు మీదికి చేరకపోతే లాభం లేదు కదా. ‘సేవ్ చేయండి’ అని నాలుగో భాషలో నోటీసు పెట్టే ధైర్యం లేదు. అప్పుడు పర్వీన్ చెయ్యి గుర్తొచ్చింది. వరస అయిందా, ఠక్. మళ్లీ వరస, మళ్లీ ఠక్. నేను తప్పన్న ఆ ఎంటరే. టైపు చేసే ప్రోగ్రాంలో ఒక్క ముక్క కలిపాను: ఎంటర్ కొట్టినప్పుడల్లా అప్పటిదాకా కొట్టిందంతా డిస్కు మీదికి వెళ్లిపోవాలి. ఇక వాళ్లకు తెలియకుండా వాళ్లే వరసకోసారి సేవ్ చేసుకుంటున్నారు.

క్లాసులో నిలబడి రెండో ఉపన్యాసం ఇచ్చాను. “వరస చివర ఎంటర్ కొట్టకున్రి అన్న గద. కొట్టున్రి. గట్టిగ కొట్టున్రి.”

“జర ముందుగాలే చెప్పొద్దా అన్నా,” అంది పర్వీన్. “మానడానికి పదిరోజులు తంటాలు పడ్డం. ఒక్కళ్లం కూడా మానలే, గది వేరే సంగతి.”

ఆ తర్వాత మిగిలిన నాలుగు రోజులూ అమ్మాయిలు కొడుతుంటే టీచర్ మెయిన్ లాగింది, వేసింది, లాగింది. కింద పాలకొట్టు ఫ్రిజ్ కూడా అదే లైను మీద ఉండటంతో కొట్టతను మెట్ల దగ్గరకొచ్చి, “టీచరమ్మా, పైన ఏం లొల్లి? నా పెరుగు పులుస్తుంది!” అని అరిచాడు. ఆరు మిషన్లూ ప్రతిసారీ లేచాయి.

పరీక్ష రోజు

ఆసుపత్రి తరఫున మూర్తి గారని ఒక అధికారి వచ్చారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, నలగని చొక్కా, చేతిలో ఫైలు. వస్తూనే ఒక మాట చెప్పారు.

“ఏవండీ మేడం గారూ, ముందే చెబుతున్నాను, ఏమనుకోకండి. ఇంతకుముందు వేరే సెంటర్లో పెట్టాం. మధ్యలో కరెంటు పోయి బ్యాచ్ మొత్తం కొట్టింది పోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఇక్కడ కూడా అలా జరిగితే నేను చేయగలిగిందేమీ ఉండదు.”

టీచర్ తలూపింది. ఆ రోజు ఆమె కుడిచేతిలో బైబిల్ పట్టుకుని నిలబడింది. ప్రార్థన కోసమే కాదు, చెయ్యి ఖాళీగా ఉండకూడదని. ఆ ఏర్పాటు ఆమే నాకు చెవిలో చెప్పింది. నేను మూల స్టూలు మీద కూర్చున్నాను, అది ఆ రోజు నా హోదా.

మొదటి ఆరుగురు కూర్చున్నారు. పది నిమిషాలు. గదిలో వర్షం పడ్డట్టు చప్పుడు, నడుమ నడుమ ఠక్, ఠక్, ఠక్. మూర్తి గారు వాచీ చూసుకుని సైగ చేశారు. టీచర్ ఎడమచేత్తో గంట కొట్టింది. ఆరుగురూ చేతులెత్తారు. లేచారు. కవర్లు కప్పారు.

టీచర్ బైబిల్‌ను జాగ్రత్తగా ఎడమచేతిలోకి మార్చుకుంది. కుడిచేత్తో మెయిన్ లాగింది.

గది చీకటి. ఫ్యాను ఆగుతున్న చప్పుడు ఒక్కటే.

“ఏమైందండీ? కరెంటు పోయిందా?” అన్నారు మూర్తి గారు.

“లేదు సార్,” అంది టీచర్. “నేనే తీసిన.”

“మీరే... తీశారా?” ఆయన ఫైలు మూశారు. “వీళ్లు కొట్టిందంతా లోపలుంది కదండీ! సేవ్ చేశారా ఎవరైనా?”

తెలిసి ఎవరూ చేయలేదు. చేయాలని వాళ్లకు తెలియను కూడా తెలియదు. పర్వీన్ నావైపు చూసింది. నాకు చెప్పడానికి గంభీరమైన మాటలేవీ తట్టలేదు. “సార్, చాయ్ తాగుండ్రి. చల్లారేలోపు వస్తది,” అన్నాను. లేచి వెళ్లి మెయిన్ వేశాను.

ఆరు తెరలు వెలిగాయి. అక్షరాలు పరుగెత్తాయి. ఒక్కొక్కటీ చీటీ చూసుకుంది, సర్దుకుంది, ముందుకెళ్లింది. మొదట కిటికీ పక్క మిషన్‌లో పేజీ వచ్చింది. తర్వాత రెండోది. నాలుగోది అయిదో దానికన్నా ముందు వచ్చింది. చివరిది పర్వీన్‌ది, ఎప్పుడూ బద్ధకమే దానికి. అది కూడా వచ్చింది.

మూర్తి గారు కప్పు కిందపెట్టి ఒక్కో తెర ముందు వంగి, కాగితంతో పోల్చి చూశారు. వరసకు వరస ఉంది. పర్వీన్ తెర ముందు చాలాసేపు ఆగారు.

“చివర్న అర వరస లేదేవమ్మా?”

“గంట కొట్టిన్రు సార్. ఎంటర్ కొట్టలే,” అంది పర్వీన్. “గంట కొట్టినంక చెయ్యి లేపాలె. టీచర్ రూలు.”

ఆయన టీచర్ వైపు తిరిగారు. టీచర్ ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. “మేడం గారూ, రెండో బ్యాచ్‌కి కూడా అలాగే తీసేస్తారా?”

“లేదు సార్, ఇగ ముట్ట.”

“కాదండీ, తీయండి. చూడాలి.”

రెండో బ్యాచ్ అయిదో నిమిషంలో ఉండగా టీచర్ మెయిన్ లాగింది. ఇరవై రెండేళ్లలో పరీక్ష నడుమ తెలిసి లాగడం అదే మొదటిసారి. మిషన్లు లేచాయి, వరసలున్నాయి. మిగతా నిమిషాలు పూర్తి చేయించారు. ఆ పైన మూర్తి గారు, “ఒక్కసారి నేను లాగుతానండీ,” అని, నలగని చొక్కా చేతులు మడిచి, రెండుసార్లు లాగారు. పెద్దమనిషి ముఖం దీపావళి నాటి పిల్లాడి ముఖంలా అయిపోయింది. కింద నుంచి పెరుగు గురించి మళ్లీ అరుపు వినిపించింది.

పన్నెండులో పదకొండు మందికి ఉద్యోగాలు వచ్చాయి. పన్నెండో అమ్మాయి పెళ్లి కుదిరి వెళ్లలేదు గానీ పాసైంది. ఇన్‌స్టిట్యూట్ ఆసుపత్రికి పరీక్షా కేంద్రమైంది. తర్వాత ఇంకో రెండు ఆఫీసులు వచ్చాయి. పాతసామాన్లవాడు మళ్లీ వస్తే టీచర్ అతణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఖాళీ తట్టతో పంపింది. జలీల్ భాయ్ నా భుజం తట్టాడు, పన్నెండేళ్లలో అదొక్కసారే. నేను లినక్స్ ఎక్కించిన చోట్లు తర్వాత వంద దాటి ఉంటాయి. ప్రతిచోటా ముందు కూర్చుని, వాళ్లెలా లేస్తారో చూశాను. ఆ లెక్క ఎక్కడా తప్పలేదు. ఇది గొప్పే, చెప్పుకుంటాను.

ఆ విజయం తర్వాత రెండేళ్లు టీచర్ నుంచి ఫోను లేదు. ఒక పొద్దున వచ్చింది. “నాయనా, నీ లినక్స్ పోయింది. రెండు మిషిన్లు తెల్ల అక్షరాలు పెట్టినయ్.” మూర్తి గారి కొత్త బ్యాచ్ పరీక్ష ఆ మధ్యాహ్నమే. నేను సీడీలన్నీ సంచిలో వేసుకుని, రెండు రకాల డిస్కులు వెంట పెట్టుకుని, దారిపొడవునా ఏం చెడి ఉంటుందో ఆలోచిస్తూ పరుగెత్తాను. చూస్తే లినక్స్‌కు ఏమీ కాలేదు. మిషన్ల గడియారాలు ఏళ్ల వెనక్కి వెళ్లిపోయాయి. తను రాసుకున్న చీటీ మీద భవిష్యత్తు తేదీ కనిపించి, అది అయోమయపడి ఆగింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, గడియారాన్ని నడిపేది అదే, రెండింట్లోనూ అది అయిపోయింది. మార్చి తేదీ సరిదిద్దితే మిషన్లు లేచాయి, పరీక్ష టైముకు జరిగింది. వాచీలు బాగుచేసే దుకాణంలో దొరుకుతుంది. సీఆర్ 2032 అని అడగాలి. మూడేళ్లకోసారి మార్చాలి.